‘హక్కుదారు దొరకలేదు’ అని రాసే ముందు

పని ఏమిటంటే

నేను కువైట్‌లో ఒక ముద్రణ, ప్రచురణ సంస్థలో ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు పనిచేశాను. మొదటి పన్నెండేళ్లు ప్రూఫులు దిద్దాను. మిగిలిన కాలమంతా ఒకే బల్ల దగ్గర, ఒకే పనిలో గడిచింది. ఎవరో తీసిన ఫోటోను, ఎవరో కట్టిన పాటను, ఎవరో గీసిన బొమ్మను సంస్థ అచ్చువేయదలచినప్పుడు, దాని మీద హక్కు ఎవరిదో కనిపెట్టి వారి అనుమతి తీసుకోవడం నా బాధ్యత.

హక్కుదారు ఎవరో తెలిసి, ఆ మనిషి దొరికితే ఇది సగం రోజు పని. ఎవరో తెలియనప్పుడు, తెలిసినా మనిషి దొరకనప్పుడు అసలు పని మొదలవుతుంది. కువైట్‌లో అది తరచు జరుగుతుంది. ఇక్కడ పనిచేసినవారిలో చాలామంది ఒప్పందం ముగిశాక వెళ్లిపోయినవారు. ఫోటో ఇక్కడ మిగులుతుంది. తీసినవాడు కేరళలోనో, కడపలోనో, కరాచీలోనో ఉంటాడు, లేదా ఎక్కడా ఉండడు.

ఈ పనిలోకి కొత్తగా చేరిన ఇద్దరు తెలుగు అమ్మాయిలు ఈ మధ్య సాల్మియాలోని మా ఇంటికి వచ్చి, ఏ పత్రాలు ఎలా నింపాలో చెప్పమన్నారు. పత్రాలు నింపడం సంస్థే నేర్పుతుంది. సంస్థ నేర్పని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటి కోసం ఇది రాస్తున్నాను. జ్ఞాపకాన్ని నేను నమ్మను. ఇందులోని ప్రతి అంకె నా డైరీల్లో ఉంది. కొందరు ఇంకా ఇక్కడే పనిచేస్తున్నందువల్ల సంవత్సరాలు మాత్రం రాయలేదు. ఒకరిద్దరి పేర్లు మార్చాను.

అబూ ఫాదీ

మా విభాగాధిపతి లెబనాన్ వ్యక్తి. అందరూ ఆయనను అబూ ఫాదీ అని, అంటే ఫాదీ తండ్రి అని, పిలిచేవారు. నేను ఆయన కింద పందొమ్మిదేళ్లు పనిచేశాను. ఆయన కోపిష్టి. ఉదయం తొమ్మిదింటికి ముందు ఆయనతో మాట్లాడి లాభం పొందినవారు లేరు. ఫైలు లావుగా ఉంటే పని బాగా జరిగిందని నమ్మే బలహీనత కూడా ఉండేది. కాని చదవకుండా ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టలేదు.

మా సంస్థ నియమం ఇది. తొంభై రోజులు వెతకాలి. వెతికిన ప్రతి చోటునూ తేదీతో నమోదు చేయాలి. అప్పటికీ దొరకకపోతే ‘హక్కుదారు దొరకలేదు, తెలిసినవారు మాకు తెలియజేయగలరు’ అనే వాక్యంతో అచ్చువేయవచ్చు. చట్టం దేశానికొక తీరుగా ఉంటుంది, దానికి న్యాయవాదిని అడగండి. అబూ ఫాదీ మాత్రం తొంభై రోజులు గడిచాయా అని ఎప్పుడూ అడగలేదు. ఎవరిని అడిగావు, వాళ్లకు తెలిసే అవకాశం ఉందని ఎందుకనుకున్నావు అని అడిగేవాడు. ఈ రెండో ప్రశ్నకు జవాబు లేని ఫైళ్లను ఈ పనిలో నా మొదటి మూడేళ్లలో ఇరవై రెండు తయారుచేశాను.

లైసెన్సును అడిగినప్పుడు

ఆ ఇరవై రెండింటిలో ఒకటి అబూ హలీఫా సముద్రతీరం ఫోటో. ఒక వ్యాపార సంస్థ క్యాలెండరు కోసం ఎంపికైంది. పాతకాలపు చేపల పడవలు ఏడు, వాటి మీద ఆరబెట్టిన వలలు. ఫోటో వెనుక స్టూడియో ముద్ర ఉంది. స్టూడియో మూతపడి చాలాకాలమైంది. నేను లైసెన్సు ఎవరి పేరున ఉందో కనుక్కున్నాను. ఆ కువైటీ పెద్దాయన చనిపోయాడు, కొడుకు ఉన్నాడు. ఆరు రోజుల్లో సంతకం తీసుకున్నాను. నాకప్పుడు చాలా గర్వంగా ఉంది.

క్యాలెండరు వెలువడిన పదకొండో రోజున సులైబియాలో ఒక గిడ్డంగిలో స్టోర్‌కీపరుగా పనిచేసే గఫూర్ సాబ్ అనే హైదరాబాదీ వృద్ధుడు మా కార్యాలయానికి వచ్చాడు. చొక్కా జేబులోంచి కవరు తీసి, అందులోని నెగటివును నా బల్ల మీద పెట్టాడు. ఆ పడవలే. దాని పక్క ఫ్రేములో అవే పడవలు, ఇసుక మీద ఫోటో తీస్తున్న మనిషి నీడ.

గల్ఫులో బతికిన తెలుగువాడిగా నాకు తెలిసి ఉండవలసిన సంగతి ఇది. ఇక్కడ దుకాణం లైసెన్సు కఫీల్ పేరున, అంటే మనకు పూచీ ఉండే స్థానికుడి పేరున, ఉంటుంది. కత్తెర పట్టేది, రొట్టె కాల్చేది, కెమెరా పట్టేది మరొకరు. నా ఇఖామా మీద, అంటే నివాస అనుమతి పత్రం మీద కూడా, నాకు పని నేర్పినవారి పేరు లేదు, కఫీల్ పేరే ఉంది. అయినా ముద్రను చూడగానే ముద్ర వేసినవాడే తీసినవాడని అనుకున్నాను. ముద్ర అరబ్బీలో ఉంది, అధికారికంగా ఉంది, అది చాలింది నాకు.

గఫూర్ సాబ్ తగాదా పెట్టుకోలేదు. తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం ఇస్తామన్నాను. ఉత్తరం తను చదవలేడని, రెండు క్యాలెండర్లు ఇస్తే ఒకటి గదిలో, ఒకటి గిడ్డంగిలో తగిలించుకుంటానని చెప్పాడు. ఫోటో కింద తన పేరు సిరాతో రాయమని రెండూ నా ముందు పరిచాడు. రాశాను. మూడో క్యాలెండరు మీద కూడా రాసి అబూ ఫాదీ గోడకు తగిలించాను. ఏడాది పొడవునా అది అక్కడే ఉంది.

నాలుగు నిమిషాల తప్పు

అసలు చెప్పవలసిన ఫైలు దీని తరువాత పద్నాలుగేళ్లకు వచ్చింది. అప్పటికి నేను పని బాగా తెలిసినవాడినని పేరు తెచ్చుకున్నాను. తప్పు చేయడానికి అది అనువైన కాలం.

రుమైథియాకు చెందిన దలాల్ అనే కువైటీ ఉపాధ్యాయురాలు చిన్నపిల్లల కోసం జోలపాటల పుస్తకం ఒకటి సిద్ధం చేసుకుని వచ్చారు. అప్పుడామె వయసు ముప్పై నాలుగు. పాటలు పన్నెండు. పదకొండు అరబ్బీవి. పన్నెండోది తనకే అర్థం తెలియని భాషలో ఉందని, చిన్నప్పుడు తనను పెంచిన పనిమనిషి నూరా పాడేదని, రెండు చరణాలు మాత్రం గుర్తున్నాయని చెప్పి, నా బల్ల ముందు కూర్చుని పాడారు:

“గోడమీద ఏసీ గుర్రుపెట్టె జోజో,
యల్లా దలాలమ్మా, కండ్లు మూయవే జోజో.”

అది మా రాయచోటి వైపు తెలుగు. ఇది హిందీయా అని ఆమె అడిగారు. కాదు, మా భాష అన్నాను. అర్థం చెబితే నవ్వారు, కొంచెం కళ్లు తుడుచుకున్నారు. అర్థం తెలియకుండానే ఆమె తన మూడేళ్ల కూతురికి రోజూ ఆ పాట పాడుతున్నారట. ఆ పాట లేకపోతే పుస్తకమే వద్దని ఆ రోజే చెప్పారు.

నేను ఫైలు తెరిచి, కర్త అనే గడిలో ‘జానపదం’ అని రాశాను. ఆమె వచ్చి వెళ్లిన సమయాలు డైరీలో ఉన్నాయి కనుక చెప్పగలను, ఆ నిర్ణయానికి నాకు పట్టిన కాలం నాలుగు నిమిషాలు. జోజో అని వినబడింది, పాడింది పనిమనిషి, ఏసీ, దలాల్ పేరు తరువాత అతికించినవి, కాబట్టి ఊరి నుంచి తెచ్చుకున్న పాట, కాబట్టి కర్త లేరు. పనిమనుషులు పాటలు కడతారన్న ఆలోచనే నాకు రాలేదు. నా సొంత ప్రాంతపు ఆడవాళ్ల గురించి, నా సొంత భాషలో, నేను ఈ తప్పు చేశాను. ఇంకొకరు చేసి ఉంటే అహంకారం అని ఉండేవాణ్ని.

జానపదమనే మాటను మా వృత్తిలో వెతకడానికి బద్ధకించినవారు వాడినంతగా ఇంకెవరూ వాడరు.

మెట్లు, కిటికీలు

మూడు వారాలకు దలాల్ ఒక పాత క్యాసెట్ తెచ్చారు. ఆ రోజుల్లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఊరికి ఉత్తరాలకు బదులు మాటలు రికార్డు చేసి పంపేవారు. నూరా రికార్డు చేసి పంపకుండా వదిలేసినది ఒకటి సొరుగులో దొరికిందట. అందులో గిన్నెల చప్పుడు, ఒక పిల్ల ఏడుపు, తరువాత పాట మొత్తం ఉన్నాయి:

“ఇరవై ఏడు మెట్లెక్కి నిద్దరొచ్చె జోజో,
పదకొండు కిటికీల పరదాలు వాలె జోజో,
గోడమీద ఏసీ గుర్రుపెట్టె జోజో,
మామా కారొచ్చె, మా ఊరి బస్సు రాదాయె జోజో,
యల్లా దలాలమ్మా, కండ్లు మూయవే జోజో.”

యల్లా అంటే అరబ్బీలో ‘ఊఁ, కానీయ్’ అని. మామా అంటే ఇంటి యజమానురాలు. పనిచేసే ఆడవాళ్లు అలాగే పిలుస్తారు. నేను దానిని మూడుసార్లు విన్నాను. జోలపాటల్లో ఏడు కడవలు, నూరు వరహాలు ఉంటాయి. ఇరవై ఏడు మెట్లు ఉండవు. ఆ అంకె ఎవరో లెక్కపెట్టినది.

మరుసటి రోజు టేపు, నోటుపుస్తకం తీసుకుని రుమైథియాలోని దలాల్ పుట్టింటికి వెళ్లాను. మెట్లు ఇరవై ఏడు. కిటికీలు పదే ఉన్నాయి. దలాల్ తల్లి హాలులో కూర్చుని, నా వంక విచిత్రంగా చూస్తూ, లిఫ్టు పెట్టించినప్పుడు ఒక కిటికీ మూసేశామని చెప్పారు. ఆ గోడ మీద కొత్త సున్నం వేసిన చతురస్రం చూపించారు. కార్యాలయానికి తిరిగి వచ్చి ‘జానపదం’ అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టివేసి, పక్కన తేదీ వేశాను. పాట ఆ ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో పుట్టించినది ఒక్క మనిషి. ఆ మనిషి అనుమతి లేకుండా అచ్చువేయకూడదు.

నూరా అసలు పేరేమిటని దలాల్ తల్లిని అడిగాను. చాలాసేపు ఆలోచించి, లోపలికి వెళ్లి పాత పాస్‌పోర్టు నకలు తెచ్చి ఇచ్చారు. కొండమ్మ అని ఉంది. ఊరు రాయచోటికి దగ్గరే. ఎనిమిదేళ్లు పనిచేసి, ఇరవై నాలుగేళ్ల కిందట వెళ్లిపోయింది. నేను గుమ్మం దాటుతుండగా ఆ పెద్దావిడ ఒక మాట అన్నారు. మనిషి దొరకకపోతే బాధపడకు, దొరకకపోవడమే మంచిది కావచ్చు అని. ఇళ్లలో పనివాళ్ల పేర్లు మార్చేసి పిలిచే అలవాటు మీద నాకు ముందే అయిష్టం ఉంది. ఈ మాటను కూడా ఆ ఖాతాలోనే వేశాను.

ఫోనులో ఒక నంబరు

ఊరికి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. రాయచోటిలో ఉన్న మా మేనల్లుడు మోటారుసైకిలు మీద వెళ్లి విచారించి, కొండమ్మ అక్కడే ఉందని, ఫోను నంబరు పంపాడు. వెతకడం మొదలుపెట్టిన ముప్పై ఏడో రోజు. ఇంత తొందరగా ముగిసిన ఫైళ్లు నాకు తక్కువ.

ఫోను తీసినావిడ తానే కొండమ్మనని చెప్పింది. నేను కువైట్ నుంచి మాట్లాడుతున్నానని, రుమైథియాలో ఆమె పనిచేసిన ఇంటి విషయమని అన్నాను.

“నేను కువైట్ చూడనే లేదు సామీ,” అన్నది. “మా ఊరి బస్టాండు దాటి తిరుపతికి పోయింది ఒక్కసారే.”

కాగితం నా ఎదురుగా ఉంది. కాగితం అబద్ధం చెప్పదని నా నమ్మకం. అందుకని పాస్‌పోర్టు నంబరును, జారీ చేసిన తేదీని, ఊరిపేరుతో సహా ఆమెకు చదివి వినిపించాను. తరువాత లైను పోయింది. మళ్లీ నాలుగుసార్లు చేశాను, మోగింది గాని తీయలేదు.

తొమ్మిది రోజుల తరువాత, అంటే నలభై ఆరో రోజున, కువైట్ నంబరు నుంచే ఒక ఫోను వచ్చింది. ఆడ గొంతు.

“మా అక్కకు ఫోన్ చేసి నంబర్లు చదివింది నువ్వేనా అన్నా?”

“నేనేనమ్మా. మీరెవరు?”

“ఎవురైతే ఏం. పోలీసోళ్లు వస్తారని ఆయమ్మ ఇంటికి తాళమేసి మా చిన్నమ్మోళ్ల ఊరికి పాయె. అన్నం సరిగ్గా తిని వారమాయె. ఆ ముసల్దాన్ని ఎందుకు బెదిరిస్తాండావు?”

బెదిరించలేదని, ఒక పాట గురించి అడగాలనుకున్నానని చెప్పాను. ఏం పాట అన్నది. నాకు పాడడం రాదు. మొదటి చరణం చదివినట్టు చెప్పాను. ఆమె రెండో చరణం తానే అన్నది, పాడకుండా, నాలాగే. ఆ పాట నీకెట్లా తెలుసని అడిగింది. దలాల్ పాడారని, ఇప్పుడు తన కూతురికి పాడి నిద్రపుచ్చుతున్నారని చెప్పాను.

“దలాలుకు కూతురా,” అన్నది. తరువాత చాలా నెమ్మదిగా, “నా పాట యాదుందా బిడ్డకు?”

అబూ హలీఫాలో శుక్రవారం

ఆ శుక్రవారం జుమా నమాజు తరువాత అబూ హలీఫాకు వెళ్లాను. ఐదుగురు ఆడవాళ్లు కలిసి అద్దెకుంటున్న నాలుగో అంతస్తు ఫ్లాటు. ఆమె పేరు రమణమ్మ. యాభై ఏడేళ్లు. ఒక నర్సరీ బడిలో వంట, శుభ్రం పనులు చేస్తోంది. మాది రాయచోటి అని చెప్పాక టీ ఇచ్చింది. చెప్పక ముందు నిలబెట్టే మాట్లాడింది.

జరిగినది ఇది. ఆమెకు పాతికేళ్లప్పుడు ఇద్దరు అక్కచెల్లెళ్లూ కువైట్ పోదామనుకున్నారు. ఇంటిపనికి ముప్పై నిండాలని, రమణమ్మకు వయసు చాలదని అన్నారు. పెద్దదైన కొండమ్మకు కాగితాలు వచ్చాయి. ప్రయాణం దగ్గరపడేసరికి కొండమ్మ బిడ్డ ఇంకా పాలు మానలేదు. మనసు రాలేదు. ఆ పాస్‌పోర్టు మీద చెల్లెలు వచ్చింది. ఎనిమిదేళ్లు కొండమ్మగా బతికింది. చాలా ఏళ్ల తరువాత సొంత పేరున, సొంత కాగితాల మీద మళ్లీ వచ్చి, ఇప్పుడు ఆ ఇఖామా మీదే పనిచేస్తోంది.

“మామాకు తెలుసు అన్నా,” అన్నది. “నేను దిగిన దినమే పాస్‌పోర్టులో ఫోటో చూసె, నా మొగం చూసె. ఒక్క మాట అడగలా. ఇంట్లో ఈ పేరుతో ఎవురూ పిలవొద్దు, నూరా అనండి అని పిల్లోళ్లకు చెప్పె. ఎవురన్నా ఆ పేరుతో పిలిస్తే నేను పలకనని, బయటపడతానని.”

నా నోటుపుస్తకంలో ఆ పెద్దావిడ గురించి రాసుకున్న రెండు వాక్యాలను అక్కడే, ఆమె ముందే కొట్టివేశాను.

ఇక అనుమతి సంగతి. పాట నాదే అని రమణమ్మ సంతకం పెడితే, ఏ ఇంట్లో, ఏ సంవత్సరాల్లో కట్టినదో కూడా రాయాలి. అలా రాస్తే వేరొకరి పేరున ఈ దేశంలో ఎనిమిదేళ్లు ఉన్నానని తన చేతితో ఒప్పుకున్నట్టే. తెలిస్తే ఆమెను పంపించివేయవచ్చు. ఊరిలో కడుతున్న ఇల్లు లింటల్ దాకా లేచి ఆగి ఉంది. కనీసం రెండేళ్లు ఇంకా ఇక్కడ పనిచేయాలి. ఇవన్నీ ఆమె నాకంటే స్పష్టంగా, ఒక్కొక్కటిగా చెప్పింది.

నేను ఇన్నేళ్లలో రెండు రకాలవారి కోసం వెతికాను. చనిపోయినవారు, చిరునామా తెలియనివారు. దొరకకుండా ఉండడమే క్షేమమైనవారు కూడా ఉంటారని నాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

“పాట ఎయ్యండి. నా పేరు వద్దు,” అన్నది రమణమ్మ. “దొరకలేదని రాసుకో.”

దొరికాక దొరకలేదని రాయలేనని చెప్పాను. నా ఫైళ్లలో తెలిసి రాసిన అబద్ధం ఒక్కటి కూడా లేదన్నాను.

“రాస్తే ఎవురికి నష్టం?”

ఫైలుకు అన్నాను. ఆమె పక్కనున్నావిడ వైపు తిరిగి, “కాయితం ఏడుస్తాదంట చూడు అక్కా,” అన్నది. గదిలోని ఐదుగురూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. కాని నా చేతిలో మూడు దారులే ఉన్నాయి, మూడూ చెడ్డవే. సంతకం తీసుకుంటే ఆమెకు ముప్పు. దొరకలేదని రాస్తే అబద్ధం. పాట తీసివేస్తే దలాల్ పుస్తకం లేదు, ఈమె పాట ఎవరికీ అందదు.

నవ్వు ఆగాక, పాట కింద ఊరూ పేరూ లేని పాట అని గాని, జానపదమని గాని వేస్తే ఒప్పుకుంటారా అని అడిగాను. ఆమె ముఖం మారింది.

“ఊరోళ్ల పాట ఎట్లయితాది? బిడ్డను సంకనేసుకుని మెట్లెక్కింది నేను. దినానికి ఎన్నిసార్లో నాకు తెలుసు. పేరు లేకపోతే పోయె, ఇంకొకరిది అని మాత్రం రాయొద్దు.”

అప్పుడు నాకు వాక్యం దొరికింది. నోటుపుస్తకంలో రాసి చదివి వినిపించాను. ఆమె ఇంకోసారి చదవమన్నది. సరే అన్నది.

గడిలో పట్టని జవాబు

శనివారం నా సెలవు. ఆదివారం తొమ్మిది దాటాక అబూ ఫాదీ గదికి వెళ్లాను. హక్కుదారు దొరికారని, అనుమతి ఇచ్చారని, పేరు చెప్పనని, సంతకం లేదని, కారణం ఆ మనిషి క్షేమమని చెప్పాను. నేను చేర్చిన ఫైలు ఆ రోజుకు పదకొండు కాగితాలు. ఆయన దానిని ఎత్తి, బరువు చూసి, కింద పెట్టాడు. మన దగ్గర ఇన్నేళ్లలో ఎప్పుడైనా ఇంత సన్నటి ఫైలు తెచ్చావా అన్నాడు. తరువాత ఆమె సరే అన్నదా అని అడిగాడు. అన్నది అన్నాను. ఎన్నిసార్లు అన్నాడు. మూడుసార్లని చెప్పాను. పాట వేయమన్నప్పుడు ఒకసారి, వాక్యం విన్నాక ఒకసారి, నేను వస్తుంటే గుమ్మం దగ్గర ఇంకోసారి. ఆయన సంతకం పెట్టాడు. ఏదైనా తేడా వస్తే అడగవలసింది తననేనని అంచున రాశాడు. కోపిష్టి అని పైన రాశాను. ఇది కూడా రాయాలి.

రమణమ్మ ఒప్పుకున్నాక దలాల్‌కు మాత్రం చెప్పాను. తరువాతి శుక్రవారం ఆమెను అబూ హలీఫాకు తీసుకువెళ్లాను. అనువాదం అవసరమవుతుందనుకున్నాను. అవసరపడలేదు. ఇద్దరూ ఆ ఇంటి వంటగది అరబ్బీలో మాట్లాడుకున్నారు, అది నాకు సగమే అర్థమైంది. రమణమ్మ ఆమె తల నిమిరి, జుట్టు ఇంత పలచబడిందేమని, నూనె పెట్టుకోవడం మానేశావా అని తెలుగులోనే కోప్పడింది. ముప్పై నాలుగేళ్ల ఉపాధ్యాయురాలు తల వంచుకుని ఆ కోపం విన్నారు. నేను నలభై నిమిషాలు కిటికీ దగ్గర కూర్చున్నాను. పాటకు ఇవ్వవలసినది ఏదో వాళ్లిద్దరే తేల్చుకున్నారు.

పుస్తకంలో పదకొండు పాటల కింద పేర్లో, సేకరించిన చోట్లో ఉన్నాయి. పన్నెండో పాట కింద అరబ్బీలోనూ తెలుగులోనూ ఈ వాక్యం వేశాం: ‘ఈ పాట కట్టిన ఆమె మాకు తెలుసు. తన పేరు ఇప్పుడు చెప్పవద్దన్నారు.’

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి నేను ఖచ్చితంగా చెప్పగలిగినవి తక్కువ. అడగవలసిన చోట, అడగవలసిన భాషలో అడగండి. ఎదుటి మనిషికి నంబర్లు చదివే ముందు ఆ నంబరు వల్ల ఆ మనిషికి ఏమవుతుందో ఆలోచించండి. నేను ఆలోచించనందువల్ల రాయచోటి దగ్గర ఒక పెద్దావిడ తొమ్మిది రోజులు ఇల్లు విడిచి ఉంది. ఆమెకు క్షమాపణ చెప్పడానికి చేసిన ఫోన్లను కూడా ఆమె తీయలేదు.

రెండో ముద్రణ

రెండున్నర సంవత్సరాలు గడిచాయి. నా పదవీ విరమణకు పదహారు రోజులు ఉన్నాయి. పుస్తకం రెండో ముద్రణకు సిద్ధమవుతోందని దలాల్ ద్వారా తెలుసుకుని, రమణమ్మ ఊరి నుంచి ఫోను చేసింది.

“ఖలాస్ అన్నా, వచ్చేస్తి. ఇంక నన్ను ఎవురూ పంపించేదానికి లేదు, నేనే వచ్చేస్తి గదా. ఇప్పుడు రాయి నా పేరు.”

ఇంటిపేరుతో సహా చెప్పమన్నాను. ఇంటిపేరు వద్దు, రమణమ్మ అంటే చాలన్నది. రాసుకుని తిరిగి చదివి వినిపించాను. ఆమె ఫోను పెట్టలేదు.

“అక్క పేరు గూడా ఎయ్యి,” అన్నది.

నా అలవాటు ప్రకారం జవాబు చెప్పాను. పాట కింద వేసేది కట్టినవారి పేరని, కొండమ్మ పాట కట్టలేదని, లేనిది రాయలేనని.

“అక్క ఆ కాయితం ఇయ్యకపోతే నేను ఆ ఇంట్లో ఉందునా? దలాలును ఎత్తుకుందునా?” అన్నది రమణమ్మ. “ఎనిమిదేండ్లు ఆమె పేరు నా కాడుండె. ఊర్లో ఆమెకు పేరు లేకపాయె. కువైట్‌లో ఉండాదని రేషను కార్డులో గూడా తీసేసిరి. ఇంట్లో కూర్చున్న మనిషి లెక్కలో లేకుండా పాయె. నీ పుస్తకంలో అట్లాంటోళ్లకు గడి లేదా?”

పందొమ్మిదేళ్లు ఆ గడులు నింపినవాణ్ని. లేదని నాకు తెలుసు. కొండమ్మ ఒప్పుకుంటుందా అని మాత్రం అడిగాను. పక్కనే ఉందని చెప్పి ఫోను ఆమెకు ఇచ్చింది.

“ఈసారి నంబర్లు చదవకుండా అడుగు సామీ,” అన్నది కొండమ్మ.

ముందు క్షమాపణ చెప్పాను. తరువాత నంబర్లు లేకుండా అడిగాను. సరే అన్నది. రెండోసారి అడిగినా సరే అన్నది. మూడోసారి అడగబోతే, చెవుడా సామీ అన్నది.

ఏమి రాయాలో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. దలాల్‌కు చూపించాను, ఆమె ఒక్క అక్షరం మార్చలేదు. నేను దిద్దిన చివరి ప్రూఫు అదే. పన్నెండో పాట కింద రెండు వాక్యాలున్నాయి. రెండింటినీ సరిచూశాను, రెండూ నిజం.

కట్టింది రమణమ్మ.

కువైట్‌కు పంపింది కొండమ్మ.